ఒమెగా సెంటారీ నిజంగా తారాగుచ్ఛమేనా? అందులోని వింత నక్షత్రాలు చెప్పే సాక్ష్యం

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. గోళాకార తారాగుచ్ఛంలోని, అంటే గురుత్వంతో బంతిలా కట్టుబడిన లక్షల తారల గుంపులోని, నక్షత్రాలన్నీ ఒకే మేఘం నుంచి, ఒకే కాలంలో పుట్టాయని పుస్తకాలు చెబుతున్నాయి. అలాంటప్పుడు సుమారు 1,200 కోట్ల ఏళ్ల వయసున్న ఒమెగా సెంటారీలో ఇప్పటికీ నీలంగా మెరిసే వేడి నక్షత్రాలు ఎందుకు ఉన్నాయని మీరు అడిగారు. ఆ నీలి నక్షత్రాలు ఉండబట్టే దాన్ని పాలపుంత మింగేసిన ఒక చిన్న గెలాక్సీ అవశేషంగా శాస్త్రవేత్తలు భావిస్తున్నారా అని కూడా అడిగారు. మొదటి ప్రశ్నకు ఒకే జవాబు లేదు, ఎందుకంటే అక్కడి నీలి నక్షత్రాలు ఒకే జాతివి కావు. కనీసం మూడు వేర్వేరు కారణాల వల్ల మూడు రకాల నక్షత్రాలు అక్కడ నీలంగా కనిపిస్తాయి. రెండో ప్రశ్నకు నా జవాబు చాలావరకు 'కాదు' అనే. గెలాక్సీ అవశేషమన్న వాదానికి అసలైన ఆధారం ఆ మెరిసే తారల్లో కాక, ఎవరి దృష్టికీ ఆనని మసక నక్షత్రాల్లో దొరికింది. ఈ రెండింటినీ విడదీసి చూస్తే తప్ప ఒమెగా సెంటారీ చరిత్ర అర్థం కాదని నేను నమ్ముతాను, అందుకే కాస్త విస్తారంగా రాస్తున్నాను.

ముందు అది ఆకాశంలో ఎక్కడుందో చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో తెలుగు నేల మీద ఉన్నవారు అదృష్టవంతులు. ఐరోపాలో చాలా భాగం నుంచి చూసేవారికి అది క్షితిజం పైకే రాదు. మనకు మాత్రం చిత్తా నక్షత్రం దారి చూపుతుంది. చిత్త ఉత్తర దక్షిణ రేఖను దాటే సమయానికే ఒమెగా సెంటారీ కూడా దాదాపు అదే రేఖ మీదికి వస్తుంది కాబట్టి, అప్పుడు చిత్త నుంచి నేరుగా దక్షిణ దిక్కుకు సుమారు 36 డిగ్రీల మేర చూపు కిందికి దించితే అది అక్కడ ఉంటుంది. హైదరాబాదులో అది గరిష్ఠంగా 25 డిగ్రీల ఎత్తుకు, తిరుపతిలో 29 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. చైత్ర మాసం చివరి అమావాస్య రోజుల్లో రాత్రి పదకొండు గంటల ప్రాంతంలోను, వైశాఖ అమావాస్యకు తొమ్మిది గంటల ప్రాంతంలోను ఈ స్థితి ఏర్పడుతుంది. చైత్ర పున్నమి నాడు చంద్రుడు చిత్త దగ్గరే ఉంటాడు కనుక ఆ రాత్రి వెతికి లాభం లేదు. మన పెద్దలు త్రిశంకుగా చెప్పుకున్న సదరన్ క్రాస్ అప్పటికి దక్షిణ దిక్కున నేలకు దగ్గరగా ఉంటుంది. ఒమెగా సెంటారీ దానికి పైన, కాస్త ఎడమ వైపున కనిపిస్తుంది. ఊరి దీపాలకు దూరంగా, దక్షిణాన కొండలు అడ్డులేని చోట నిలబడితే వట్టి కంటికి మసక చుక్కలా, బైనాక్యులర్‌లో చంద్రబింబం కంటే పెద్ద దూది ఉండలా కనిపిస్తుంది. నేను దాన్ని మొదటిసారి చూసిన రాత్రి, అది ఒక్క వస్తువు కాదనీ దాదాపు కోటి నక్షత్రాల వెలుగు కలిసి ఒక్క మచ్చగా కనిపిస్తోందనీ తెలిసి చాలాసేపు బైనాక్యులర్ దించలేకపోయాను.

వట్టి కంటికి చుక్కలా కనిపించబట్టే దానికి నక్షత్రం పేరు వచ్చింది. రెండో శతాబ్దంలో టాలమీ దాన్ని నక్షత్రాల పట్టికలోనే చేర్చాడు. 1603లో యోహాన్ బేయర్ తన ఆకాశ పటంలో సెంటారస్ మండలపు తారలకు గ్రీకు అక్షరాలు ఇస్తూ దానికి ఒమెగా అనే అక్షరం కేటాయించాడు. 1677లో సెయింట్ హెలీనా ద్వీపం నుంచి దక్షిణాకాశాన్ని పరిశీలించిన ఎడ్మండ్ హేలీ అది నక్షత్రం కాదని, మబ్బులాంటి వస్తువని గుర్తించాడు. దాన్ని గోళాకార గుచ్ఛంగా తేల్చినవాడు 1826లో ఆస్ట్రేలియా నుంచి చూసిన జేమ్స్ డన్‌లప్. అంటే దాని స్వరూపం గురించి మనుషులు ఇప్పటికే రెండుసార్లు అభిప్రాయం మార్చుకున్నారు. నక్షత్రం మబ్బయింది, మబ్బు గుచ్ఛమయింది. ఇప్పుడు జరుగుతున్నది మూడో మార్పు.

దాని కొలతలు కొన్ని గుర్తుంచుకోవాలి. మన నుంచి దూరం దాదాపు 17,700 కాంతి సంవత్సరాలు. వ్యాసం సుమారు 150 కాంతి సంవత్సరాలు. ద్రవ్యరాశి సూర్యుడికి దాదాపు 40 లక్షల రెట్లు. పాలపుంతలో మనకు తెలిసిన గోళాకార గుచ్ఛాలన్నిటిలో ఇదే అత్యంత బరువైనది. మన సూర్యుడికి అతి సమీప నక్షత్రం నాలుగు కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉండగా, ఈ గుచ్ఛం నడిబొడ్డున పక్క పక్క నక్షత్రాల మధ్య సగటు దూరం ఒక కాంతి సంవత్సరంలో పదో వంతు మాత్రమే. పేరుకు గోళాకారమే అయినా అది తన చుట్టూ తాను తిరుగుతూ స్పష్టంగా అణిగినట్టు ఉంటుంది.

ఇక నీలి నక్షత్రాల సంగతి. ఒకే రోజు నాట్లు వేసిన వరి మడిని ఊహించుకోండి. మడి అంతా ఒకేసారి పండాలి. కోత దశకు వచ్చిన ఆ మడిలో అక్కడక్కడ కొన్ని దుబ్బులు ఇంకా పచ్చగా నిలిచి ఉంటే, అవి ఆలస్యంగా నాటినవైనా అయి ఉండాలి, అదనంగా ఎరువు అందినవైనా అయి ఉండాలి, లేదా అవి అసలు వేరే రకం విత్తనమైనా అయి ఉండాలి. నక్షత్రాల విషయంలో ఈ పంటకాలాన్ని నిర్ణయించేది ద్రవ్యరాశి. బరువైన నక్షత్రం తన హైడ్రోజన్‌ను వేగంగా కాల్చి త్వరగా ముసలిదవుతుంది. తేలిక నక్షత్రం పొదుపుగా కాలుస్తూ దీర్ఘకాలం జీవిస్తుంది. 1,200 కోట్ల ఏళ్లు గడిచిన గుచ్ఛంలో సూర్యుడి ద్రవ్యరాశిలో సుమారు 0.8 వంతు కంటే బరువైన సాధారణ నక్షత్రాలన్నీ ప్రధాన క్రమాన్ని, అంటే కేంద్రంలో హైడ్రోజన్‌ను నిలకడగా కాల్చే దశను, ఎప్పుడో దాటిపోయి ఉండాలి. యవ్వనంలో నీలంగా మెరిసేవి బరువైన నక్షత్రాలే కాబట్టి, ఇప్పుడు అక్కడ కనిపించే నీలం ఏదైనా యవ్వనపు నీలం కాకూడదు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా క్రమంగా విడిపోతుంది.

మొదటి రకం నీలి తారలు నిజానికి వృద్ధ తారలు. నక్షత్రం అరుణ బృహత్తారగా ఉబ్బి, చివరికి దాని గర్భంలో హీలియం మండడం మొదలయ్యాక, అది కుంచించుకుని మళ్లీ వేడెక్కుతుంది. ఈ దశలో ఉన్న తారలన్నీ దాదాపు ఒకే ప్రకాశంతో ఉంటాయి. రంగును, ప్రకాశాన్ని రెండు అక్షాలుగా తీసుకుని గీసిన పటంలో అవి అడ్డంగా సాగిన కొమ్మలా కనిపిస్తాయి కాబట్టి ఆ దశను క్షితిజ శాఖ అంటారు. అరుణ దశలో పై పొరను ఎంత ఎక్కువగా పోగొట్టుకుంటే ఆ తార ఈ కొమ్మ మీద అంత నీలి చివరకు చేరుతుంది. పాత గుచ్ఛంలో ఇది పూర్తిగా సహజం, ఇందులో వింత ఏమీ లేదు.

ఈ కొమ్మ మధ్యభాగంలో నిలిచిన తారలు స్థిరంగా ఉండలేక కొన్ని గంటల నుంచి దాదాపు ఒక రోజు వరకు ఉండే ఆవర్తన కాలంతో ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉంటాయి. వాటినే ఆర్ఆర్ లైరే తారలు అంటారు. వీటి విషయంలో ఒమెగా సెంటారీకి ఉన్న స్థానం చాలా పెద్దది. హార్వర్డ్ అబ్జర్వేటరీ దక్షిణాకాశం కోసం పెరూ దేశంలోని అరెకిపాలో నడిపిన కేంద్రంలో సోలన్ బెయిలీ అనే ఖగోళవేత్త ఈ గుచ్ఛాన్ని గాజు పలకల మీద పదే పదే ఫోటోలు తీసి, ఒక్కో చుక్కను ఒక్కో పలక మీద కొలిచి, 1902లో 128 చర తారల వివరాలు ప్రచురించాడు. వెలుగు పెరిగి తరిగే తీరును బట్టి ఆయన వాటిని ఏ, బీ, సీ అనే మూడు తరగతులుగా విభజించాడు. నూట ఇరవై ఏళ్లు దాటినా ఆర్ఆర్ లైరే తారలను ఇప్పటికీ ఆ అక్షరాలతోనే పిలుస్తున్నాం. కంప్యూటర్ లేని రోజుల్లో, కిక్కిరిసిన నక్షత్రాల గుంపులో ఒక్కొక్క తారకు గంటల లెక్కలో ఆవర్తన కాలం తేల్చిన ఆ ఓపికకు తగినంత గుర్తింపు రాలేదని నా అభిప్రాయం. ఇప్పుడు ఈ గుచ్ఛంలో అలాంటి తారలు సుమారు 200 వరకు తెలుసు.

రెండో రకం మీరు ప్రత్యేకంగా పేరెత్తిన బ్లూ స్ట్రాగ్లర్లు. 1953లో అలన్ శాండేజ్ మెసియే 3 అనే మరో గుచ్ఛంలో వీటిని గుర్తించారు. ప్రధాన క్రమం ముగిసిపోయిన చోటుకు పైన, తోటి తారలన్నీ ఎప్పుడో వదిలి వెళ్లిన స్థానంలో, ఇవి ఇంకా నీలంగా, ప్రకాశవంతంగా నిలిచి ఉన్నాయి. మడిలో అదనంగా ఎరువు అందిన దుబ్బులు ఇవే. ఎరువు అందే దారులు రెండు. జంటగా పుట్టిన తారల్లో ఒకటి ఉబ్బినప్పుడు దాని పై పొరల పదార్థం పక్కదాని మీదికి ప్రవహించి దాన్ని బరువెక్కిస్తుందని 1964లో విలియం మెక్‌క్రే ప్రతిపాదించారు. కిక్కిరిసిన గుచ్ఛంలో రెండు తారలు నేరుగా ఢీకొని ఒకటైపోవచ్చని 1976లో హిల్స్, డే అనే శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. రెండు దారుల్లోనూ జరిగేది ఒకటే: 0.8 సూర్యుల బరువు దాటకూడని చోట దాదాపు ఒకటిన్నర సూర్యుల బరువున్న తార తయారవుతుంది, దాని గర్భంలోకి కొత్త హైడ్రోజన్ చేరుతుంది, అది మళ్లీ యువతారలా ప్రవర్తిస్తుంది.

బ్లూ స్ట్రాగ్లర్లు చూడదగినంతగా చూసిన ప్రతి గోళాకార గుచ్ఛంలోనూ ఉన్నాయి. అందువల్ల అవి ఒమెగా సెంటారీ గెలాక్సీ అవశేషమని గాని కాదని గాని చెప్పలేవు. అయితే అవి ఎక్కడెక్కడ ఉన్నాయన్నది మాత్రం చాలా విలువైన సమాచారం. గుచ్ఛంలో నక్షత్రాలు కోట్ల ఏళ్ల పాటు ఒకదాని గురుత్వానికి మరొకటి లోనవుతూ శక్తిని పంచుకుంటాయి. ఆ క్రమంలో బరువైనవి కేంద్రం వైపు దిగుతాయి, తేలికవి అంచులకు తేలుతాయి. కూరలో ముక్కలు అడుగుకు చేరినట్టు, బ్లూ స్ట్రాగ్లర్లు తోటి తారల కంటే బరువైనవి కాబట్టి ఇతర గుచ్ఛాలలో అవి కేంద్రంలో గుమిగూడి ఉంటాయి. 2006లో ఫ్రాన్చెస్కో ఫెరారో బృందం ఒమెగా సెంటారీలో మూడు వందలకు పైగా బ్లూ స్ట్రాగ్లర్లను లెక్కించి చూస్తే, అవి కేంద్రంలో గుమిగూడి లేవు. మామూలు నక్షత్రాలు ఎలా పరుచుకుని ఉన్నాయో ఇవీ అలాగే ఉన్నాయి. దీనివల్ల రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, ఢీకొనడం ఎక్కువగా జరిగే చోటు కేంద్రమే కాబట్టి, ఇక్కడి బ్లూ స్ట్రాగ్లర్లలో అధిక భాగం ఢీకొని పుట్టినవి కావు. పుట్టుకతో జంటలుగా ఉన్న తారల మధ్య పదార్థ బదిలీ వల్ల ఏర్పడినవి. రెండు, ఈ గుచ్ఛం ఎంత పెద్దదంటే 1,200 కోట్ల ఏళ్లు గడిచినా దాని కేంద్రంలో సైతం బరువుల వారీగా తారలు ఇంకా సర్దుకోలేదు. ఈ రెండో విషయం తర్వాత మనకు అక్కరకు వస్తుంది: సర్దుకోని వస్తువు తన పాత ఆనవాళ్లను దాచుకుంటుంది.

మూడో రకం వీటన్నిటిలోకీ విడ్డూరమైనది. క్షితిజ శాఖ నీలి చివర దాటి, ఆ కొమ్మ కిందికి వంగి కొక్కెంలా తిరిగే చోట కొన్ని తారలు ఉంటాయి. వాటిని బ్లూ హుక్ తారలు అంటారు. వీటి ఉపరితల ఉష్ణోగ్రత 32,000 కెల్విన్ దాటుతుంది. ఇవి అరుణ దశలో పై పొరను ఎంతగా పోగొట్టుకున్నాయంటే, మామూలుగా ఆ దశ చివర్లో జరగవలసిన హీలియం జ్వలనం కూడా జరగకుండానే శ్వేత కుబ్జంగా, అంటే ఇంధనం అయిపోయి మిగిలే చిన్న, దట్టమైన తారగా, మారే దారి పట్టాయి. ఆ దారిలో చల్లబడుతూ ఉండగా, ఆలస్యంగా, గర్భంలో హీలియం అంటుకుంటుంది. అప్పటికి మిగిలిన పలుచని హైడ్రోజన్ పొర లోపలికి కలిసిపోయి కాలిపోతుంది, లోపలి హీలియం, కార్బన్ ఉపరితలానికి వస్తాయి. ఈ తారల వర్ణపటాల్లో హీలియం, కార్బన్ అధికంగా కనిపించడం ఈ వివరణకు బలం ఇస్తోంది. ఇంకా ముందుకు వెళ్లి, సుమారు 50,000 కెల్విన్ ఉష్ణోగ్రత ఉన్న కొన్ని ఉప కుబ్జ తారలు (పై పొర పోగొట్టుకున్న చిన్న వేడి తారలు) సుమారు ఒకటిన్నర నుంచి రెండు నిమిషాల ఆవర్తన కాలంతో ఉబ్బుతూ కుంచించుకుంటున్నాయని 2011లో సుజానా రాండల్ బృందం ప్రకటించింది. బెయిలీ పలకల మీద గంటల్లో కొలిచిన గుచ్ఛంలోనే ఇప్పుడు నిమిషాల్లో కొలవవలసిన తారలు దొరికాయి.

ఇంత వేడి తారలు తమ వెలుగులో అధిక భాగాన్ని అతినీలలోహితంలో వెదజల్లుతాయి, ఆ కిరణాలను మన వాతావరణం అడ్డుకుంటుంది. ఇక్కడ మన ప్రాంతానికి ఒక నిజమైన సంబంధం ఉంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ మోసుకెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో యూవీఐటీ అనే అతినీలలోహిత టెలిస్కోపు ఉంది. ఒక్క చిత్రంలో దాదాపు పున్నమి చంద్రుడంత వైశాల్యాన్ని పట్టుకుంటూనే కిక్కిరిసిన తారలను విడదీయగలగడం దాని గొప్పతనం. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ శాస్త్రవేత్తలు దానితో ఒమెగా సెంటారీని కేంద్రం నుంచి వెలుపలి భాగాల వరకు పరిశీలించి 2022లో ఫలితాలు ప్రచురించారు. ఇక్కడి వేడి క్షితిజ శాఖ తారలు సైద్ధాంతిక నమూనాలు ఊహించిన దానికంటే అతినీలలోహితంలో దాదాపు అర మాగ్నిట్యూడ్ (ప్రకాశపు కొలమానం, అంకె పెరిగేకొద్దీ తార మసకవుతుంది) మసకగా ఉన్నాయని, ఆ పంపిణీని వివరించాలంటే కనీసం ఐదు ఉపజాతుల తారలు, వాటిలో మూడు హీలియం అధికంగా ఉన్నవి, కావలసి ఉంటుందని వారు చూపారు. హీలియం అధికంగా ఉన్న ఉపజాతులు మిగతావాటి కంటే కేంద్రానికి దగ్గరగా ఉన్నాయని కూడా గమనించారు. ఈ హీలియం మాటే మనల్ని అసలు సాక్ష్యం దగ్గరికి తీసుకెళ్తుంది.

ఆ సాక్ష్యం మొదట కనిపించింది అరుణ బృహత్తారల్లో. ఒకే మేఘం నుంచి పుట్టిన తారల లోహాంశం, అంటే హీలియం కంటే బరువైన మూలకాల పాలు, ఒకే విధంగా ఉండాలి, అప్పుడు వాటి అరుణ శాఖ, అంటే రంగు, ప్రకాశాల పటంలో అరుణ బృహత్తారలు నిలిచే చోటు, సన్నని గీతలా ఉంటుంది. ఒమెగా సెంటారీ అరుణ శాఖ మాత్రం వెడల్పుగా ఉందని 1960ల నుంచే గమనించారు. 1973లో కానన్, స్టోబీ కొలతలతో అది కొలతల దోషం కాదని ఖరారయింది. 1975లో ఫ్రీమన్, రోడ్జర్స్ ఇక్కడి ఆర్ఆర్ లైరే తారల వర్ణపటాలు తీసి ఒక్కోదానిలో కాల్షియం ఒక్కో మోతాదులో ఉందని చూపారు. తర్వాతి దశాబ్దాల్లో ఇనుము కొలిస్తే, కొన్ని తారల్లో సూర్యుడిలో ఉన్నదానికి నూరో వంతు కూడా లేదు, మరికొన్నిటిలో అంతకు పదుల రెట్లు ఎక్కువ ఉంది. ఇది ఎందుకు ముఖ్యమో కాస్త నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరబడతారు. సోడియం, ఆక్సిజన్ వంటి తేలిక మూలకాల్లో తేడాలు దాదాపు ప్రతి గోళాకార గుచ్ఛంలోనూ ఉన్నాయి. కాబట్టి ఒకే తరం తారలు అన్న పాఠ్యపుస్తకపు మాట మామూలు గుచ్ఛాలకు కూడా పూర్తిగా చెల్లదు. కాని ఇనుము సంగతి వేరు. ఇనుమును వెదజల్లేవి సూపర్‌నోవాలు. ఆ పేలుళ్ల పదార్థం సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో బయటికి దూసుకుపోతుంది. మామూలు గుచ్ఛానికి దాన్ని ఆపి పట్టుకునేంత గురుత్వ బలం లేదు. ఒమెగా సెంటారీ ఆ ఇనుమును పట్టుకుని, చల్లార్చి, దాని నుంచి మళ్లీ మళ్లీ తారలను పుట్టించగలిగిందంటే, అప్పట్లో దాని చుట్టూ ఇప్పుడు లేని పెద్ద బరువు ఏదో ఉండి ఉండాలి. గెలాక్సీ అన్న ఆలోచనకు పునాది ఇదే.

ఇనుము పెరిగిన తారల్లో బేరియం, లాంథనమ్ వంటి మూలకాలు కూడా బాగా పెరిగాయి. వాటిని తయారుచేసేవి పేలిపోయే భారీ తారలు కావు, మధ్యస్థ ద్రవ్యరాశి ఉండి నెమ్మదిగా ముసలివయ్యే తారలు. అవి ముసలివై తమ పదార్థాన్ని వదిలి, అది తర్వాతి తరంలో కలవాలంటే కోట్ల ఏళ్లు పడుతుంది. అంటే ఇక్కడ తారల జననం ఒక్క పెట్టున ముగిసిపోలేదు. ఆగుతూ సాగుతూ చాలాకాలం నడిచింది.

అందరినీ నివ్వెరపరచిన ఫలితం మాత్రం హబుల్ టెలిస్కోపు నుంచి వచ్చింది. 2004లో లుయిజీ బెడిన్ బృందం ఈ గుచ్ఛపు మసక ప్రధాన క్రమ తారలను, అంటే ఇంకా ముసలివి కాని, వింత ఏమీ జరగని మామూలు చిన్న తారలను కొలిచి, ప్రధాన క్రమం ఒక్క గీత కాదని, రెండుగా చీలి ఉందని చూపింది. ఒక గీత ఎరుపు వైపు, మరొకటి నీలం వైపు. లోహాలు ఎక్కువైతే తార ఎర్రబడుతుంది, తక్కువైతే నీలం వైపు జరుగుతుంది. కనుక నీలి గీతలోవి లోహాలు తక్కువున్న తారలని అందరూ ఊహించారు. 2005లో జంపాలో పియోట్టో బృందం చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోపుతో రెండు గీతల తారల వర్ణపటాలు తీస్తే, నీలి గీతలోని వాటిలోనే లోహాలు దాదాపు రెట్టింపు ఉన్నాయి. ఇది పూర్తిగా తలకిందుల ఫలితం. దీన్ని వివరించగలిగినది హీలియం ఒక్కటే. విశ్వం పుట్టినప్పటి పదార్థంలో బరువు లెక్కన నాలుగో వంతు హీలియం ఉండగా, నీలి గీతలోని తారల్లో అది 38 నుంచి 40 శాతం దాకా ఉండాలి. హీలియం అధికంగా ఉన్న తార అదే బరువున్న మామూలు తార కంటే వేడిగా, నీలంగా ఉంటుంది, తన ఇంధనాన్ని త్వరగా ముగిస్తుంది. మడి పోలికలో చెప్పాలంటే ఇవి వేరే విత్తనపు మొక్కలు. 2017లో ఆండ్రియా బెల్లీని బృందం మరింత సూక్ష్మంగా చూసి ప్రధాన క్రమంలో కనీసం 15 ఉపజాతులను విడదీసింది.

మూడో రకం నీలి తారలకు దీనితో బంధం ఉందని ఇప్పుడు మీరే ఊహించి ఉంటారు. హీలియం అధికంగా ఉన్న తార త్వరగా ముసలిదవుతుంది కాబట్టి, ఈ రోజు అరుణ దశకు చేరుతున్న అలాంటి తార బరువు 0.8 సూర్యుల కంటే చాలా తక్కువ. అంత తేలిక తార అరుణ దశలో మామూలుగానే పై పొరను పోగొట్టుకున్నా, దానికి మిగిలేది అతి పలుచని పొర. అందువల్ల అది క్షితిజ శాఖ మీద అత్యంత వేడి చివరకు, అక్కడి నుంచి కొక్కెంలోకి చేరుతుంది. కాబట్టి మీ రెండో ప్రశ్నకు 'చాలావరకు కాదు' అన్నాను గాని 'పూర్తిగా కాదు' అనలేదు. బ్లూ స్ట్రాగ్లర్లు సాక్షులు కావు, ఆర్ఆర్ లైరే తారలు తమ నీలం వల్ల కాక తమలోని కాల్షియం వల్ల సాక్షులయ్యాయి, బ్లూ హుక్ తారలు మాత్రం హీలియం ద్వారా పరోక్షంగా సాక్ష్యం చెబుతున్నాయి. అంత హీలియం ఏ తారల గర్భంలో వండబడి ఎలా పోగయిందన్నది ఇంకా తేలని చర్చ. మధ్యస్థ ద్రవ్యరాశి ఉన్న ముసలి తారల వైపు ఎక్కువమంది మొగ్గుతున్నారు గాని, అవసరమైనంత పరిమాణంలో హీలియం వాటి నుంచి రావడం కష్టమన్న అభ్యంతరం బలమైనదేనని నేననుకుంటాను.

గుచ్ఛం బయట దొరికిన ఆధారాలను త్వరగా చెబుతాను. పాలపుంత చక్రం తిరిగే దిశకు ఎదురు దిశలో ఒమెగా సెంటారీ తిరుగుతోంది. ఇది బయటి నుంచి వచ్చి చేరిన వస్తువుకు తగిన నడక. 2019లో రోడ్రిగో ఇబాటా బృందం తారల స్థానాలను, కదలికలను కొలిచే గైయా ఉపగ్రహపు కొలతలతో, ఫింబుల్‌తుల్ అని పేరు పెట్టిన ఒక పొడవాటి తారల ధార ఒమెగా సెంటారీ నుంచి ఊడిపోయినదేనని చూపింది. మన నుంచి 13 కాంతి సంవత్సరాల లోపే ఉన్న కాప్టైన్ నక్షత్రం కూడా దాని నుంచి విడివడిందేనని కొందరు అంటారు, అయితే ఆ వాదానికి రసాయనిక ఆధారం బలహీనంగా ఉంది కనుక నేను దాన్ని లెక్కలోకి తీసుకోను. ఇంతకంటే నన్ను ఎక్కువగా ఒప్పించినది మెసియే 54. 1778లో కనుగొన్నాక చాలాకాలం పాటు పట్టికల్లో మామూలు గుచ్ఛంగానే ఉన్న అది, 1994లో సజిటేరియస్ మరుగుజ్జు గెలాక్సీ కనుగొన్నాక సరిగ్గా ఆ గెలాక్సీ నడిబొడ్డున ఉన్నట్టు తేలింది. పాలపుంత ఆ గెలాక్సీని మన కళ్ల ముందే చీల్చి కలుపుకుంటోంది. కొంతకాలానికి చుట్టూ ఉన్న తారలన్నీ చెదిరిపోయి మెసియే 54 ఒక్కటే మిగులుతుంది. అప్పుడు అది అచ్చం నేటి ఒమెగా సెంటారీలా, ఇనుము తేడాలున్న బరువైన ఒంటరి గుచ్ఛంలా కనిపిస్తుంది.

చివరిగా, వింత తారల్లో ఒక కొత్త రకాన్ని చేర్చాలి. ఇవి రంగు వల్ల కాక వేగం వల్ల వింతైనవి. గెలాక్సీ కేంద్రమైతే అందులో కృష్ణబిలం ఉండవచ్చు. 2008లో ఎవా నోయోలా బృందం సూర్యుడికి 40,000 రెట్ల బరువున్న కృష్ణబిలం ఉందని ప్రకటించింది. 2010లో ఆండర్సన్, వాన్ డెర్ మారెల్ గుచ్ఛపు కేంద్రాన్నే మరింత కచ్చితంగా గుర్తించి, ఆ ఫలితాన్ని సమర్థించలేమని, బరువు 12,000 సూర్యులను దాటదని తేల్చారు. 2024 జులైలో మాక్సిమిలియన్ హేబర్లే బృందం, హబుల్ ఇరవై ఏళ్లకు పైగా తీసిన అయిదు వందలకు మించిన చిత్రాలలో దాదాపు 14 లక్షల తారల కదలికలను కొలిచి, సరిగ్గా కేంద్రంలో ఏడు తారలు గుచ్ఛం నుంచి తప్పించుకుపోవడానికి సరిపోయే వేగాన్ని మించి పరుగెడుతున్నాయని చూపింది. మామూలుగా అలాంటి తారలు వెయ్యేళ్ల లోపే కేంద్రాన్ని వదిలి వెళ్లిపోవాలి. ఏడూ ఇంకా అక్కడే ఉన్నాయంటే వాటిని కనీసం 8,200 సూర్యుల బరువున్న కృష్ణబిలం పట్టి ఉంచి ఉండాలి. ఆ తర్వాత పల్సార్ల, అంటే గడియారంలా క్రమం తప్పక రేడియో తరంగాలు పంపే మృత తారల, కాలగమనాన్ని కూడా కలిపి చేసిన మరో విశ్లేషణ, కేంద్రంలోని అదనపు బరువులో అధిక భాగం చిన్న కృష్ణబిలాల గుంపుదని, ఒకే పెద్ద కృష్ణబిలం ఉన్నా అది 6,000 సూర్యుల కంటే తేలికని వాదించింది. ఏడు తారల సాక్ష్యం నేరుగా కనిపించేది కాబట్టి నేను దానికే ఎక్కువ విలువ ఇస్తాను. ఆ తారల దారులు వంగుతున్నాయో లేదో, అంటే వాటి త్వరణం, కొలిచిన రోజున ఈ వివాదం తీరుతుంది.

గుచ్ఛం అన్న మాటను మీరు వాడడంలో తప్పు లేదు. ఎన్‌జీసీ 5139 అన్న పేరుతో అది ఇప్పటికీ గోళాకార గుచ్ఛాల పట్టికల్లోనే ఉంది, నేనూ మాటల్లో అలాగే అంటాను. మీ దగ్గర ఎనిమిది అంగుళాల టెలిస్కోపు ఉందని రాశారు కాబట్టి ఒక సూచన. వైశాఖ అమావాస్య రాత్రి దానితో చూస్తే, మచ్చ చిట్లి వందల చుక్కలుగా విడిపోతుంది. అలా విడిగా కనిపించే చుక్కల్లో దాదాపు అన్నీ పదకొండున్నర మాగ్నిట్యూడ్ నుంచి మొదలయ్యే అరుణ బృహత్తారలే. బెయిలీ కొలిచిన ఆర్ఆర్ లైరే తారలు పద్నాలుగున్నర మాగ్నిట్యూడ్ దగ్గర ఉన్నాయి. వాటి కోసం కెమెరా తగిలించి, గంటకొకటి చొప్పున చిత్రాలు తీసి పక్కపక్కన పెట్టి చూడాలి, అప్పుడు ఒకే రాత్రిలో కొన్ని తారల వెలుగు మారడం మీ కళ్లతోనే చూడగలరు. రెండుగా చీలిన ప్రధాన క్రమపు తారలు 20 మాగ్నిట్యూడ్‌కు అవతల, ఆ చుక్కల వెనుక కనిపించే పాలవంటి పొగమంచులో కలిసి ఉంటాయి.